కొంగ ఎవలు?

చాదర్‌ఘాట్ వంతెనకు ఇవతల, స్టేషన్లో, ఫ్యాను కింద
నా కథ మీద గులకరాయి పెట్టి ఉంచారు
ఎగిరిపోకుండా.
ఆరు పేజీలు. మూడొందల కాపీలు దాటని పత్రిక.
ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను,
నా వాక్యాల కింద ఎర్రసిరా గీతలు గీసిన మొదటి పాఠకుడు
ఎస్సై మాణిక్‌రావు.

"గీ కొంగ ఎవలు?" అన్నాడు.

కథ చిన్నదే.
మూసీలో బర్రెలు. ఒంటినిండా గోమార్లు.
ఒక కొంగ వచ్చి, వీపు మీద ఇంత చోటియ్యండి,
ఒక్కొక్కటే ఏరేస్తానంది.
బర్రెలు తలలూపాయి.
(ఒప్పుకోడానికి ఊపాయో, ఈగల్ని తోలడానికి ఊపాయో
కథకుడు చెప్పడు.)
కొంగ ఏరింది. అన్నీ ఏరలేదు.
చెవుల వెనక కొన్ని వదిలేసేది.
రేపటికి పనుండాలి కదా,
రేపటికి వీపుండాలి కదా.

ఆ కొంగ తానేనని ఒకాయన ఫిర్యాదు ఇచ్చాడట.
పేరు చెప్పలేదు ఎస్సై,
తెల్లబట్టల మనిషి అని మాత్రం అన్నాడు.

ఆయన వేలు బ్రాకెట్ల మీద ఆగింది.
"గిది వ్యంగ్యమా?"
అవునన్నాను. రాసుకున్నాడు.
"తలలూపుడంటే ఓట్లా?"
ఈగలు సార్.
"మరి ఈగలంటె ఎవలు?"

భయం వేసింది, నిజమే.
దాని అడుగున, సిగ్గులేకుండా, కాస్త సంతోషం కూడా.
చిక్కడపల్లిలో శాలువా కప్పి మైకు పట్టుకున్న పెద్దలెవరూ
రెండో పేజీ దాటలేదు.
ఈయన చెవుల వెనక దాకా చదివాడు.
ఒంటికాలి మీదే నిలబడిందని ఎందుకు రాసినవ్,
రెండో కాలు యాడ దాచిందన్నాడు.
నేనది అనుకోలేదు. ఒట్టు, అనుకోలేదు.
నా కథలో నాకే తెలియని గది తలుపును
లాఠీతో నెట్టి తెరిచాడు.

"ఆఖర్ల బర్లన్నీ నీళ్లల్ల మునుగుతయ్.
గదేంది, తిరుగుబాటా?"
మునిగితే గోమార్లు ఊపిరాడక రాలిపోతాయి సార్,
కొంగతో పనుండదు.

చాయ్ తెచ్చిన కానిస్టేబుల్ గాలయ్య
గ్లాసులు పెడుతూ నవ్వాడు.
"గోమార్లు నీళ్లకు సావయ్ సార్.
మూసారాంబాగ్ల మాకు తబేలా ఉండె. పదకొండు బర్లు.
మా నాయిన వేపనూనె రాసి, కందిలి పక్కన వెట్టుకొని
చేత్తోనే గుంజేటోడు."
ఖాళీ ట్రే పట్టుకొని నిలబడ్డాడు కాసేపు.
"నది సాఫ్ జేస్తమని ఒక రాత్రి లారీలల్ల ఎక్కిచ్చిన్రు.
తెల్లారి కొంగలైతే వచ్చినయ్.
బర్రె లేదు. వాటికి సమజ్ గాలె.
బర్లు నిలవడ్డ కాడనే నిలవడ్డయ్
పొద్దుగూకెదాంక."

ఎస్సై పెన్ను ఆగింది.
అది పాత్రా, ప్రతీకా, నీతా,
ఏ గీత కింద రాయాలో ఆయనకు తెలియలేదు.
నాకూ తెలియలేదు.
చాయ్ మీద మీగడ కట్టింది.

చివరికి ఒక తెల్లకాగితం.
ఆయన చెప్పాడు, నేను రాశాను.
నా కథలోని కొంగ కొంగ మాత్రమే.
బర్రెలు బర్రెలు మాత్రమే.
సంతకం పెట్టాను.
నేను అల్లిన కట్టుకథలన్నిట్లో
చిన్నదీ, పెద్దదీ అదే.

గులకరాయి తీసి దాని మీద పెట్టాడు.
"ఇంకోటి రాస్తె జెర ముందుగాల నాకు జూపియ్యి" అన్నాడు.
బెదిరింపో, అభిమానమో,
కథకుడు చెప్పడు.

వంతెన మీద ఆగాను.
కింద బురదలో పసుపురంగు జేసీబీ,
తొట్టి అంచున ఒక కొంగ.
ఇనుప వీపును ముక్కుతో ఒకసారి పొడిచి చూసింది,
మళ్లీ పొడిచింది.
జేబులో కలం ఉంది. తీయలేదు.
రెండో కాలు ఎక్కడుందా అని
వంగి చూస్తూ నిలబడ్డాను.